బెట్టుడుత బొమ్మ వెనక

పరాంకుశం మాస్టారు ఫొటోని బొమ్మ అనేవారు. నర్సీపట్నంలోని ఆయన స్టూడియో నుంచి ఏ జంతువు బొమ్మ బయటికి వెళ్ళినా దాని వెనక సిరా కలంతో మూడు మాటలు రాసి సంతకం చేసేవారు. "పిలవలేదు. పెట్టలేదు. బెదరగొట్టలేదు." అంటే ఈ జీవిని ఈల వేసి పిలవలేదు, మేత పెట్టి రప్పించలేదు, అదిలించి ఇటు తిప్పుకోలేదు అని. పొదల్లో కాచుక్కూర్చోవడం ఆయనకి గిట్టదు. కొండదారిలో పోతూ ఉండగా ఏది ఎదురైతే అదే, ఎక్కడ ఎదురైతే అక్కడే. శిష్యులు కూడా ఆ మూడు మాటలు రాసుకోవచ్చు. కాకపోతే రాయగలనని ఎవరికి వాళ్ళకి అనిపించాలి. రాసిన వాళ్ళ బొమ్మ విశాఖపట్నం ప్రదర్శనలో మాస్టారి బొమ్మ పక్కన వేలాడుతుంది.

కళాధర్ ఆయన దగ్గర చేరి మూడేళ్ళయింది. ఇంతవరకు ఒక్క బొమ్మ వెనకా రాయలేదు. ఒకనాటి ఉదయం గోడ మీది కణుజు దుప్పి బొమ్మని దించి అద్దం తుడుస్తూ, మనసులో ఎన్నాళ్ళనుంచో నలుగుతున్న మాట అడిగేశాడు. ఆ బొమ్మలో కణుజు మంచు నిండిన దారి మధ్య నిలబడి, పెళ్ళిచూపుల్లో తలెత్తిన పిల్లలాగ నేరుగా చూస్తూ ఉంటుంది.

"మాస్టారూ, ఇది దానంతట అదే వచ్చి నిలబడిందని మీకెలా తెలుసు? మీరు పెట్టలేదు, సరే. మీకు కనబడకుండా ఇంకొకళ్ళు పెట్టి ఉంటే? అప్పుడీ రాత అబద్ధమే కదా."

మాస్టారు పాత పంచె ముక్కతో లెన్సు తుడుచుకుంటున్నారు. తల ఎత్తలేదు. లెన్సుకి మూత బిగించి, "ఆదివారం లంబసింగి పోదాం. కెమెరా తెచ్చుకో," అన్నారు.

ఆ ప్రశ్న ఊరికే పుట్టింది కాదు. నాలుగు నెలలుగా కళాధర్ మనసులో ఒక ముల్లు ఉంది. దాని పేరు సన్యాసినాయుడు. మాస్టారి జీపు నడిపేది అతనే, ఇరవై ఏళ్ళుగా. కళాధర్‌ని కొండమీదికి తీసుకెళ్ళడం ఈ మధ్యనే మొదలైంది, ఇప్పటికి మూడుసార్లు. మూడుసార్లూ ఒకటే తంతు. మాస్టారు "ఆపు" అనగానే అందరికన్నా ముందు నాయుడు దిగుతాడు. బండి వెనక్కి పోయి కుడిచక్రం దగ్గర వంగుతాడు. నేలమీద ఏదో పడిన చప్పుడు 'టప్' మని వినబడుతుంది. కాసేపటికి ఎక్కడినుంచో ఏదో ఒక జీవి వస్తుంది. తిరిగి ఎక్కేటప్పుడు అతని చొక్కా జేబు ఉబ్బెత్తుగా ఉంటుంది, చెయ్యి మాటిమాటికీ అందులోకి పోయి వస్తూ ఉంటుంది. అడిగితే నవ్వుతాడు. నవ్వేవాళ్ళని కళాధర్ నమ్మలేడు. పైగా జీపు వెనక సామాన్ల తట్టలో ఎప్పుడూ ఒక గుడ్డసంచి, దాని నిండా ఉప్పునీళ్ళలో ఉడకబెట్టిన వేరుశనగ కాయలు. బీడీ మానేసిన దగ్గర్నుంచి ఆ కాయలే తన ఊపిరని నాయుడు చెప్పుకుంటాడు. ఒక్క మనిషికి అన్ని కాయలెందుకు? మాస్టారికి పేరు రావడంలో ఈ సంచికి వాటా ఎంత? ఇవన్నీ తలుచుకుంటే కళాధర్‌కి దిగులు ముంచుకొచ్చేది. మాస్టారంటే అతనికి దేవుడితో సమానం. దేవుడి వెనక ఎవరో తాళ్ళు లాగుతున్నారంటే ఆ పూజ చేసిన చేతులు ఏమైపోవాలి?

అనుమానం ఒక్కటే అయితే ఓర్చుకునేవాడు. ప్రదర్శనకి బొమ్మ అందవలసింది సోమవారం సాయంత్రంలోగా. ఈసారి కూడా తన బొమ్మ లేకపోతే కెమెరా అటక మీద పెట్టి ఎరువుల కొట్లో కూర్చోవాలని వాళ్ళ నాన్న తేల్చి చెప్పేశాడు. యూరియా బస్తాల మధ్య కూర్చున్న తనని తాను ఊహించుకుని కళాధర్ రెండు రాత్రులు అన్నం సగంలో వదిలేశాడు. ఆదివారం ఒక్కటే మిగిలింది. ఆ ఒక్కరోజు దొరికిన బొమ్మ మీద నాయుడి నీడ పడకూడదు. అంటే ముందు నాయుడి సంగతి తేలాలి.

ఆదివారం వెలుగు రాకముందే బయలుదేరారు. డౌనూరు దాటి ఘాటీ ఎక్కుతుంటే మంచు ఎదురొచ్చింది. చెట్లు ఒక్కొక్కటీ తెల్లదుప్పటి లోంచి మొహం బయట పెట్టి, వీళ్ళని చూసి, మళ్ళీ ముసుగు తన్నేస్తున్నట్టు ఉంది. మరో రోజైతే కళాధర్ ఆ మంచుకి మనసు అప్పగించి కూర్చునేవాడే. ఇవాళ మధ్య సీట్లో కూర్చుని, ముందున్న నాయుడి చేతుల్నే చూస్తున్నాడు. నాయుడు ఒళ్ళో తువ్వాలు పరుచుకుని దాంట్లో నాలుగు గుప్పెళ్ళ కాయలు పోసుకున్నాడు. ఒంటిచేత్తో ఒలిచి నోట్లో వేసుకుని, డొల్లని జేబులో కుక్కుకుంటున్నాడు.

"డొల్లలు బయట పారేయొచ్చు కదా నాయుడుగారూ? జేబులో దాచుకోవడం దేనికి?" అన్నాడు కళాధర్, ఏమీ ఎరగనట్టు.

"కొండమీద తిండి రాల్చొద్దంటారు మాస్టారు. మీరైతే పారేస్తారా బాబూ?"

"మీరు రాల్చరన్నమాట."

"రాలిస్తే నన్నీ లోయలోకి రాల్చేస్తారు." నాయుడు అద్దంలోంచి నవ్వాడు. ఆ నవ్వు కళాధర్‌కి నచ్చలేదు. మాస్టారు వినలేదో, విని ఊరుకున్నారో. ఆయన కిటికీ బయటికి చూస్తున్నారు.

సగం ఘాటీ ఎక్కాక ఒక టీ బడ్డీ దగ్గర ఆగారు. నాయుడు నీళ్ళ డబ్బా పట్టుకుని ఊట వైపు పోయాడు. మాస్టారు మఫ్లరు చుట్టుకుని, బడ్డీ ముందు ఇటు వీపు పెట్టి నిలబడి గ్లాసు అందుకున్నారు. వాళ్ళమ్మ కెమెరా సంచిలో నూకాలమ్మ గుడి పసుపు పొట్లం ఒకటి పెట్టి పంపింది, బొమ్మ బాగా రావాలని. అతను తట్ట దగ్గరికి పోయి నాయుడి గుడ్డసంచి మూతి విప్పి, పసుపు మొత్తం అందులో ఒంపి, చెయ్యి పెట్టి కలిపాడు. తడి ఆరని కాయలు కదా, పసుపు ఇట్టే పట్టేసింది. ఇక నాయుడు ఎక్కడ కాయ వేసినా అది పచ్చగా కనబడి తీరుతుంది. నాయుడు వేసిన ముడి ఎలాంటిదో చూసుకోకుండా విప్పేశాడు గనక, తనకి చేతనైన ముడి, జడకి రిబ్బను కట్టినట్టు ఒకటి వేసి సంచిని ఉన్నచోటే ఒరిగించాడు. వేళ్ళు ప్యాంటుకి తుడుచుకుని టీ తాగడానికి పోయాడు. టీ ఎలా ఉందని మాస్టారు అడిగితే బాగుందన్నాడు. నిజానికి అతను ఇంకా గ్లాసు నోటి దగ్గర పెట్టుకోలేదు.

మళ్ళీ బండి ఎక్కాక నాలుగు వంపులు తిరిగారో లేదో, ఒక ముంగిస దారికి అడ్డంగా పోయింది. మాస్టారు "ఆపు" అన్నారు. ఎత్తు మీద బండి ముక్కు పైకెత్తి ఆగింది. నాయుడు దిగాడు, వెనక్కి పోయాడు, వంగాడు. 'టప్'.

కళాధర్ పళ్ళు బిగించుకుని ఊరుకున్నాడు. ముంగిస ఎటో పోయింది. మాస్టారు మాత్రం కదల్లేదు. దారి పక్క సిమెంటు దిమ్మకి ఆనుకుని, చుట్టాలింటికొచ్చిన మనిషిలా తాపీగా నిలబడ్డారు. పావుగంట గడిచింది. అప్పుడు బండికి ఇరవై అడుగుల వెనక, సిల్వర్ ఓక్ చెట్టు మానుని పట్టుకుని ఒక బెట్టుడుత తలకిందులుగా దిగడం మొదలెట్టింది. పిల్లి అంత ఒళ్ళు, ఎర్రమట్టి రంగు వీపు, ఒంటికన్నా పొడుగు తోక. సాధారణంగా కొమ్మ మీంచి కొమ్మకి దూకడమే తప్ప నేల దిగని జీవి. అది దిగింది. మంచులోకి పోయి కనబడలేదు. మరుక్షణం అవతలి దిమ్మ మీద ప్రత్యక్షమైంది, వెనక కాళ్ళ మీద నిలబడి, ముందు చేతులు రెండూ గుండెల దగ్గర జోడించి. సరిగ్గా అప్పుడే మంచు పొరలోంచి ఒక ఎండ చార దాని మీద పడింది. తోక అంచు బంగారం పూసినట్టయింది. బెట్టుడుత కళాధర్ వైపు చూసింది.

అతను మీట నొక్కాడు. ఎన్నిసార్లు నొక్కాడో అతనికే తెలీదు. పక్కన మాస్టారి పాత కెమెరా ఒక్కసారి 'క్లిక్' మంది.

కళాధర్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొండ తనకి నమస్కారం పెట్టిందనుకున్నాడు. ఎరువుల కొట్టు, బస్తాలు, నాన్న మొహం, అన్నీ ఆ మంచులో కరిగిపోయాయి. ఈ బొమ్మ వెనక ఆ మూడు మాటలు తన చేతిరాతలో ఎలా ఉంటాయో కూడా కనబడింది. కెమెరా తెర మీద బొమ్మని పెద్దది చేసుకుని చూశాడు. మీసాలు, కళ్ళలో మెరుపు, జోడించిన చేతులు. ఇంకా పెద్దది చేశాడు. చేతుల మధ్య ఒక వేరుశనగ కాయ ఉంది. పచ్చగా.

అతని ఒంట్లో నెత్తురంతా తలకెక్కింది. "నాయుడూ," అన్నాడు. 'గారు' ఎక్కడ పడిపోయిందో అతను గమనించలేదు. "ఇటు రా. చూడు. ఇదేంటి?"

నాయుడు వచ్చి తెరలోకి తొంగి చూశాడు. "బెట్టుడుత బాబూ. బలేగుంది."

"దాని చేతిలో ఏముంది?"

"సెనక్కాయి నాగుంది."

"ఎవరిది? ఈ కొండ మీద వేరుశనగ పండుతుందా? ప్రతిసారీ నువ్వు ముందు దిగడం, చక్రం వెనక వంగడం, టప్ మని పడేయడం. నాకు కళ్ళు లేవనుకున్నావా? మాస్టారూ, మీరు మూడు మాటలు రాస్తున్నారు, ఈయన మీ వెనక మేత రాలుస్తున్నాడు. ఇరవై ఏళ్ళుగా మీ సంతకాన్ని ఈయన అబద్ధం చేస్తున్నాడు. ఇవాళ నాది కూడా."

నాయుడు మొహంలో నవ్వు మెల్లిగా దిగిపోయింది. నోరు తెరిచాడు. చెవి ఒగ్గి ఒక్క క్షణం ఆగాడు. తరవాత భుజం మీది తువ్వాలు లాగి చేతపట్టుకుని, కళాధర్‌ని పక్కకి నెట్టి, కిందివైపు వంపుకేసి పరుగెత్తాడు. పారిపోతున్నాడనుకున్నాడు కళాధర్. అప్పుడు వినబడింది లారీ చప్పుడు.

బెట్టుడుత రెండో కాయ కోసం దారి నడిమధ్యకి దిగింది. కాయ పట్టుకుని నిలబడి కొరుక్కుంటోంది. మంచులోంచి లారీ దీపాలు రెండు మసకగా పైకొస్తున్నాయి. నాయుడు ఉడుతని దాటిపోయి, రెండు చేతులూ చాచి, తువ్వాలు ఊపుతూ లారీకి ఎదురుగా నిలబడ్డాడు. బ్రేకులు కీచుమని ఏడ్చాయి. బెట్టుడుత ఒక్క గెంతులో చెట్టెక్కి ఆకుల్లో కలిసిపోయింది. లారీ నాయుడి పొట్టకి మూరెడు దూరంలో ఆగింది.

"చావడానికి నా బండే దొరికిందా నీకు?" అని అరిచాడు లారీ డ్రైవరు తల బయటపెట్టి.

"నాను కాదు బాబూ, ఉడుత," అన్నాడు నాయుడు, రొప్పుతూ. "ఎల్లిపోయింది. నువ్వూ ఎల్లు."

లారీ పోయింది. నాయుడు దారిలో పచ్చగా పడి ఉన్న కాయల్ని చూసుకుంటూ తిరిగొచ్చి, కళాధర్ ఎదురుగా రెండు చేతులూ వెల్లకిల పెట్టి చూపించాడు. అరచేతుల్లో ఇంజను మసి నల్లగా ఉంది. పసుపు మచ్చుకైనా లేదు. "కాయకి పసుపుంటే నా సేతికుండాల గదా బాబూ. నాను తిన్నవి పొద్దున్న తువ్వాల్లో పోసుకున్నవే. సంచి ముట్టుకోనేదు." కుడిచక్రం వైపు వేలు చూపించాడు. చక్రం వెనక పనసకాయంత రాయి ఉంది. "ఈ బండికి చెయ్యి బ్రేకు నమ్మకం నేదు. ఆగినప్పుడల్లా రాయెట్టాల. టప్ మన్నది అదే. మీరెప్పుడూ ఎడమేపు దిగుతారు, అగుపడ్లేదు."

అంతటితో ఆగి తట్ట దగ్గరికి పోయాడు. సంచి బోర్లా పడి ఉంది. రిబ్బను ముడి ఊడి, మూతి తెరుచుకుని, తట్ట అంచు సందులోంచి కాయలు ఒక్కొక్కటే జారాయి. ఎత్తు మీద బండి ఆగాక గుప్పెడు ఒక్కసారే జారిపోయాయి. బండి వచ్చిన దారి పొడుగునా, పై వంపు నుంచి కింది వంపు దాకా, మంచులో పచ్చటి చుక్కలు. నాయుడు సంచి తాడు రెండు కొసలూ పట్టుకుని చూశాడు. "ఈ ముడి నాది కాదు," అన్నాడు. తరవాత కళాధర్ వేళ్ళకేసి చూశాడు. గోళ్ళ మొదళ్ళ దాకా పసుపే. కెమెరా నల్లటి ఒంటి మీద కూడా వేలిముద్రలు పచ్చగా పడ్డాయి. "నా సెనక్కాయలకి పేరంటం చేసినారేటి బాబూ? ముందే సెప్తే పువ్వులు తెద్దును."

కళాధర్ చేతులు వెనక్కి దాచుకున్నాడు. మాస్టారు నాయుడి నుంచి సగం ఖాళీ అయిన సంచి అందుకుని కళాధర్‌కి ఇచ్చారు. తిండి దారిమీద ఉంటే అడవి దారిమీదికొస్తుంది. దాని వెనకే లారీ వస్తుంది. ఆ మాట ఆయన అననక్కర్లేకపోయింది.

కెమెరా బండిలో పెట్టి కళాధర్ ఘాటీ దిగడం మొదలెట్టాడు. వంగి ఒక కాయ, నాలుగడుగులు, వంగి ఇంకో కాయ. మంచు విడిపోయింది. వచ్చేపోయే కార్లలో జనం ఇతన్ని వింతగా చూశారు. టీ బడ్డీ దాకా నాలుగు వంపులూ ఏరేసరికి మధ్యాహ్నమైంది, నడుం పట్టేసింది. రెండో వంపు దగ్గర నాయుడు వచ్చి కలిశాడు. అటుపక్క కాయలు తను ఏరాడు.

"నాయుడుగారూ," అన్నాడు చివరికి కళాధర్, నేలకేసి చూస్తూ. "ఇందాక నేను అన్నది..."

"అన్నది అన్నారు. ఆ రాయి కింద ఒకటుంది, తియ్యండి."

తిరిగొచ్చేసరికి మాస్టారు దిమ్మ మీదే కూర్చుని ఉన్నారు. కళాధర్ సంచి పక్కన పెట్టి, "ఆ బొమ్మ పంపను మాస్టారూ. దాని వెనక నేను రాయలేను," అన్నాడు.

"ఎందుకు రాయలేవు? నాయుడి మీదైతే గుక్క తిప్పుకోకుండా చెప్పావుగా. నీ మీద నాలుగు అక్షరాలు రాయడానికి ఇంత ఆలస్యం దేనికి?" అని తన జేబులోని సిరా కలం తీసి ఇచ్చారు ఆయన.

కళాధర్ జేబు పుస్తకంలోంచి కాగితం చింపి మోకాలి మీద పెట్టుకుని రాశాడు. పిలవలేదు. బెదరగొట్టలేదు. తరవాత కలం ఆగింది. నాన్న గుర్తొచ్చాడు, బస్తాలు గుర్తొచ్చాయి, ఇంకొక్క మాట మామూలుగా రాసేస్తే విశాఖపట్నంలో గోడ మీద ఉండబోయే ఆ జోడించిన చేతులు గుర్తొచ్చాయి. పెట్టింది నేనే, అని రాసి సంతకం చేశాడు. కాగితం మీద పసుపు వేలిముద్ర పడింది.

మాస్టారు చదివి మడతపెట్టి జేబులో పెట్టుకున్నారు. "బొమ్మ వెనక దీన్ని అతికించి పంపుదాం."

"ఇలా రాస్తే తీసుకోరేమో మాస్టారూ."

"తీసుకోకపోవచ్చు."

నాయుడు చక్రం కింది రాయి తీసి దారి పక్కన పెట్టాడు. బండి స్టార్టయింది. కళాధర్ ఒక కాలు లోపల పెట్టి ఆగాడు. వద్దనుకుంటూనే, నోరు ఊరుకోలేదు. అనుమానం అంత తేలిగ్గా వదిలే జబ్బు కాదు.

"మాస్టారూ, ఒక్కటి అడగనా? టీ బడ్డీ దగ్గర నేను సంచి విప్పడం మీరు చూశారు కదూ? బెట్టుడుత దిగుతున్నప్పుడు కూడా, అది దేనికి దిగుతోందో మీకు తెలుసు కదూ?"

మాస్టారు మఫ్లరు సర్దుకున్నారు. పాత కెమెరాని ఒళ్ళో పెట్టుకుని, దాంట్లో ఆ ఉదయం పడిన ఒకే ఒక్క బొమ్మని చేత్తో తడిమినట్టు, మూత మీద వేళ్ళు ఉంచారు.

"అది నా బొమ్మ వెనక నేను రాసుకోవలసింది," అన్నారు. "నువ్వు బండెక్కు."